టమాటా పూత రాలుతోందా? మందు కొనే ముందు చేను చూడండి

టమాటా చేను ఏపుగా ఎదిగింది. కర్రలు నాటారు, తాళ్లు కట్టారు. పూత పసుపుపచ్చగా విరగబూసింది. వారం పది రోజుల్లో పిందె కనబడుతుందని ఆశపడుతుండగా మొక్కల మొదళ్లలో పూలు రాలి పడుతున్నాయి. గుత్తిలో ఆరేడు పూలు ఉంటే ఒకటో రెండో పిందెలు మిగులుతున్నాయి. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా మందుల అంగడికి పోతారు. అక్కడ పూత మందు అని ఒక సీసా, బలం మందు అని మరొకటి, పురుగు మందు ఇంకొకటి చేతికి వస్తాయి. మూడూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తారు.

ఒక్కోసారి వారానికి పూత నిలబడుతుంది. మందు పని చేసిందనుకుంటాం. నిజానికి ఆ వారంలో ఎండ తగ్గి ఉండవచ్చు, ఒక జల్లు పడి ఉండవచ్చు, బోరు నీళ్లు సరిగా పారి ఉండవచ్చు. ఇంకోసారి అదే మందు కొట్టినా ఒక్క పిందె నిలవదు. పూత రాలడానికి కారణం ఒకటే అయితే మందు కూడా ఒకటే సరిపోయేది. కారణాలు అరడజను పైగా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి సీసాలో మందే లేదు. మీ చేలో ఏ కారణం వల్ల పూత రాలుతున్నదో తెలుసుకుంటే సగం ఖర్చు మిగులుతుంది, పంటా నిలబడుతుంది.

టమాటా ధర సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2023 జూలై నెలాఖరులో మదనపల్లె మార్కెట్లో కిలో ధర 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. అదే మార్కెట్లో కిలో రెండు మూడు రూపాయలకు పడిపోయి, కోత కూలి కూడా రాక చేలోనే కాయ వదిలేసిన సంవత్సరాలూ ఉన్నాయి. ధర మన చేతిలో లేదు. కానీ ధర ఉన్న రోజుల్లో మన చేలో కాయ ఉండడం అనేది, దానికి నెల ముందు పూత నిలిచిందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎకరా, అరెకరా వేసుకునే రైతుకు ఇది చిన్న విషయం కాదు.

రాలిన ప్రతి పువ్వూ నష్టం కాదు

ముందుగా ఒక మాట. టమాటాలో పూసిన పూలన్నీ కాయలు కావు. మంచి వాతావరణంలో, మంచి పోషణలో ఉన్న మొక్క కూడా కొన్ని పూలను వదిలేస్తుంది. గుత్తికి ఆరేడు పూలు వచ్చి నాలుగు పిందెలు నిలిస్తే ఆ చేనుకు ఏ లోటూ లేదు. అలాగే కింది గుత్తుల్లో కాయ బరువుగా ఉన్నప్పుడు పై గుత్తుల పూత కొంత రాలుతుంది. మొక్క తాను మోయగలిగినంతే ఉంచుకుంటుంది. అలాంటప్పుడు రంగు తిరిగిన కాయను ఆలస్యం చేయకుండా కోసేస్తే పై పూతకు ఊపిరి వస్తుంది.

వరుసగా రెండు మూడు గుత్తుల్లో సగానికి పైగా పూలు రాలితేనే కారణం వెతకాలి. ఏ చేలోనైనా ఒకచోట కాకుండా నాలుగైదు చోట్ల, ఒక్కో చోట ఐదారు మొక్కల్లో గుత్తులు లెక్కబెట్టి చూడండి. కంటికి కనబడే రాలిన పూల కంటే ఈ లెక్క నమ్మదగింది.

పువ్వు ఎలా పిందె అవుతుంది?

టమాటా పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. పసుపు రంగులో సన్నని గొట్టంలా కనిపించేది మగ భాగం. పుప్పొడి దాని లోపలి వైపు ఉంటుంది. ఆ గొట్టం మధ్యలో సూదిలా ఉండేది ఆడ భాగం. దాని కొసను కీలాగ్రం అంటారు. గాలికి పువ్వు ఊగినప్పుడు గొట్టం లోపలి పొడి రాలి కీలాగ్రానికి అంటుకుంటుంది. అందుకే టమాటాకు వేరే మొక్క పుప్పొడి అవసరం లేదు, కాస్త కదలిక ఉంటే చాలు. తుమ్మెదలు, కొన్ని అడవి ఈగలు పువ్వును పట్టుకుని జుయ్యిమని రెక్కల కండరాలు అదిలించినప్పుడు పొడి బాగా రాలుతుంది. తేనెటీగకు ఈ పని చేతకాదు.

కీలాగ్రం మీద పడిన పొడి మొలకెత్తి, సన్నని నాళంగా దిగి అండాశయాన్ని చేరాలి. అక్కడ గింజ కట్టడం మొదలైతే ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. ఈ పువ్వును ఉంచుకో అని మొక్కకు కబురు పంపేది అదే. ఆ కబురు అందకపోతే ఇథిలిన్ ప్రభావం పెరుగుతుంది. పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపులా ఉబ్బుగా కనిపించే చోటు ఉంటుంది కదా, అక్కడ కణాల మధ్య పట్టు వదులవుతుంది. కాడ పసుపు తిరిగి, పువ్వు ఆ కణుపు దగ్గర నున్నగా ఊడిపోతుంది. మామూలుగా ఇదంతా పువ్వు విచ్చిన మూడు నాలుగు రోజుల్లో జరిగిపోతుంది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చిన రోజున కాదు. దానికి ఎనిమిది నుంచి పదమూడు రోజుల ముందు, అది పచ్చి మొగ్గగా ఉన్నప్పుడే తయారవుతుంది. ఆ రోజుల్లో తీవ్రమైన వేడి తగిలితే పొడి చచ్చుపడిపోతుంది. మొగ్గ చూడ్డానికి బాగానే ఉంటుంది, పువ్వుగా కూడా విచ్చుకుంటుంది, ఆ తర్వాత రాలుతుంది. కాబట్టి ఈ రోజు రాలిన పువ్వుకు కారణం చాలాసార్లు పది రోజుల కిందటి ఎండ. ఈ రోజు ఏ మందు కొట్టినా ఆ పువ్వులో చచ్చిన పొడి బతకదు.

పగటి ఎండ, రాత్రి వేడి

టమాటాకు పగలు 21 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే పిందె బాగా పడుతుంది. పగలు 32 డిగ్రీలు దాటితే తగ్గడం మొదలై, 35 దాటితే చాలా రకాల్లో బాగా దెబ్బతింటుంది. పగటి ఎండను అందరూ గమనిస్తారు, రాత్రి వేడిని ఎవరూ పట్టించుకోరు. రాత్రి 21, 22 డిగ్రీల కంటే దిగకపోతే పిందె తగ్గుతుంది. రాత్రంతా వేడిగా ఉంటే మొక్క పగలు తయారు చేసుకున్న చక్కెరను శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది, మొగ్గలకు మిగలదు.

మదనపల్లె ప్రాంతం ఎండాకాలపు టమాటాకు పేరు తెచ్చుకోవడంలో దీని పాత్ర ఉంది. ఆ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. పగలు ఎండ కాసినా రాత్రికి కొంత చల్లబడుతుంది. కోస్తా మైదానాల్లో ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కూడా ఉక్క తగ్గదు, అందుకే అక్కడ ఆ రోజుల్లో మొక్క పచ్చగా ఉన్నా కాయ పట్టదు. పీఠభూమిలో కూడా రాత్రుళ్లు చల్లబడని వారం వచ్చిందంటే, మరో పది రోజులకు పూత రాలుతుందని ముందే అనుకోవచ్చు.

వేడి వల్ల రాలుతున్నదని గుర్తు పట్టడానికి ఒక ఆనవాలు ఉంది. విచ్చిన పువ్వును దగ్గరగా చూడండి. మధ్య సూది పసుపు గొట్టం దాటి బయటికి పొడుచుకొని వచ్చి ఉంటే, అది చాలావరకు వేడి దెబ్బే. సూది బయట, పొడి లోపల ఉండిపోతే రెండూ కలవవు.

ఎండను ఆపలేం కానీ చేలో వేడి కొంత తగ్గించవచ్చు. వరిగడ్డి, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు లాంటివి మొక్కల మొదళ్లలో పరిస్తే నేల చల్లగా ఉంటుంది, తడి నిలుస్తుంది. వేడిగాలి వచ్చే వైపున నాటుకు ముందే రెండు మూడు సాళ్లు జొన్న గాని మొక్కజొన్న గాని వేస్తే గాలి దెబ్బ తగ్గుతుంది, తెల్లదోమ రాకకూ కొంత అడ్డం అవుతుంది. ఎండాకాలంలో పక్క కొమ్మలు, ఆకులు ఎక్కువగా గిల్లకండి. గుత్తి మీద ఆకు నీడ ఉండాలి.

చలి, ముసురు, పొడి గాలి

చలి కూడా పూత రాలుస్తుంది. రాత్రి 13 డిగ్రీల కంటే దిగితే పుప్పొడి సరిగా తయారు కాదు, తయారైనా మొలకెత్తదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాదు వైపు ఈ ఇబ్బంది ఎక్కువ. మిగతా చోట్ల చలి బాగా ఉన్న కొద్ది రోజులే ఉంటుంది. ఇలాంటప్పుడు పడిన పిందెలు వంకరగా, చీలికలతో రావడం కూడా చూస్తాం.

ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే గాలిలో తేమ పెరిగి పుప్పొడి ముద్ద కడుతుంది. గొట్టంలో నుంచి రాలదు. మబ్బు వల్ల ఎండ చాలక మొగ్గలకు ఆహారం అందదు. దీనికి భిన్నంగా, వేసవి పొడి గాలికి కీలాగ్రం ఎండిపోతుంది. పొడి పడినా అంటుకోదు.

కర్రలు, తీగలు కట్టిన చేలో ముసురు విడిచిన రోజున ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నంలోపు, ఆకుల తడి ఆరిన తర్వాత, తీగలను గాని కర్రలను గాని చిన్న కట్టెతో మెల్లగా తట్టుకుంటూ పోండి. పువ్వు కదిలి పొడి రాలుతుంది. గాలి ఆడని నీడ వలల కింద ఇది మరింత పనికొస్తుంది. ఖర్చు ఏమీ లేదు. ఆకు తడిగా ఉన్నప్పుడు మాత్రం చేలో తిరగకండి, తెగుళ్లు ఒక మొక్క నుంచి మరో మొక్కకు అంటుకుంటాయి.

నీరు: కరువూ చేటే, వరదా చేటే

మన చేలల్లో పూత రాలడానికి వేడి తర్వాత పెద్ద కారణం నీరు. బోరులో నీళ్లు తగ్గి వారం పది రోజులు తడి ఇవ్వలేకపోతే మొక్క తన ప్రాణం కాపాడుకోవడానికి ముందు పూతను వదిలేస్తుంది. ఆ తర్వాత ఒకేసారి మడి నిండా పారించినా పూత రాలుతుంది. వేళ్లకు గాలి ఆడక ఇథిలిన్ పుడుతుంది. ఎండిపోయిన నేలకు ఒక్కసారిగా నీరు పెట్టడం వల్ల కాయలు కూడా పగులుతాయి.

కాలువల్లో పారించేవారు ఎండాకాలంలో ఐదారు రోజులకు, చలికాలంలో వారం నుంచి పది రోజులకు తేలికపాటి తడి ఇవ్వాలి. ఇసుక పాలు ఎక్కువ ఉన్న ఎర్ర నేలల్లో ఈ గడువు ఇంకా తగ్గుతుంది, నల్లరేగడిలో పెరుగుతుంది. డ్రిప్పు ఉన్నవారు వారానికి ఒకసారి గంటల తరబడి వదలడం కంటే రోజూ గాని రోజు విడిచి రోజు గాని కొద్దికొద్దిగా ఇవ్వడం మేలు. నీరు తక్కువగా ఉంటే, మొలకల దశలోనో కాయ పండే దశలోనో కంటే పూత, పిందె దశలో తడి తప్పకుండా చూసుకోండి. ఉన్న నీటికి తగ్గ విస్తీర్ణం వేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. అరెకరా నీటితో ఎకరా వేస్తే ఎకరా పూతా రాలుతుంది.

తడి సరిపోయిందో లేదో పై మట్టి చూసి చెప్పలేం. మొక్కకు జానెడు దూరంలో జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టి, మెల్లగా తాకితే విడిపోతే తడి సరిగా ఉంది. ముద్దే కట్టకపోతే నీరు పెట్టాలి. వేళ్ల సందుల్లో నీరు ఊరితే ఎక్కువైంది.

యూరియా ఎక్కువైతే ఆకే మిగులుతుంది

మొక్క నల్లపచ్చగా, కాడలు లావుగా, కొమ్మలు గుబురుగా ఉండి పూత మాత్రం నిలవకపోతే నత్రజని ఎక్కువైందని అర్థం. మొక్క ఆహారమంతా చిగుళ్లకు పోతుంది, మొగ్గలకు అందదు. అలాంటి లేత మొక్కకు రసం పీల్చే పురుగులు కూడా త్వరగా వస్తాయి.

సూటి రకాలకు ఎకరాకు నత్రజని 60 కిలోలు, భాస్వరం 24 కిలోలు, పొటాష్ 24 కిలోలు సిఫారసు. బస్తాల లెక్కలో చెప్పాలంటే యూరియా 130 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 150 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు. సూపర్, పొటాష్ ఆఖరి దుక్కిలో వేసుకోవాలి. యూరియాను మూడు భాగాలు చేసి నాటిన 30, 45, 60 రోజులకు వేయాలి. అంటే ఒక్కోసారి ఎకరాకు 43 కిలోలు, ఇప్పటి 45 కిలోల బస్తా కంటే కాస్త తక్కువే. సంకర రకాలకు మోతాదు పెరుగుతుంది, దాన్ని భూసార పరీక్ష ఫలితాన్ని బట్టి నిర్ణయించుకోండి. పశువుల ఎరువు ఎకరాకు ఆరు నుంచి ఎనిమిది టన్నులు వేయగలిగితే నేల తడి పట్టుకుంటుంది, సూక్ష్మపోషకాల కొరతా తగ్గుతుంది.

ఇప్పటికే యూరియా ఎక్కువ పడి ఉంటే తర్వాతి మోతాదు ఆపండి. పూత రాలుతున్నదని మళ్లీ యూరియా వేస్తే మంట మీద నూనె పోసినట్లే.

బోరాన్ లోపం

పుప్పొడి మొలకెత్తి నాళం దిగడానికి బోరాన్ కావాలి. ఇసుక నేలల్లో, సున్నం ఎక్కువ ఉన్న నేలల్లో, తడి చాలనప్పుడు ఇది మొక్కకు అందదు. లోపం ఉంటే చిగుళ్లు మాడినట్లవుతాయి, ఆకులు మందంగా, పెళుసుగా మారతాయి. మడిస్తే చిటుక్కున విరుగుతాయి. కాయల మీద బెండు లాంటి గోధుమ రంగు మచ్చలు, పగుళ్లు వస్తాయి.

ఈ ఆనవాళ్లు ఉంటే నాటిన 30 నుంచి 45 రోజుల మధ్య లీటరు నీటికి 2.5 గ్రాముల బోరాక్స్ కలిపి పది రోజుల తేడాతో రెండుసార్లు పిచికారి చేయాలి. బోరాక్స్ చన్నీటిలో తొందరగా కరగదు, ముందు కొద్దిపాటి గోరువెచ్చని నీటిలో కరిగించి తర్వాత ట్యాంకులో పోసుకోండి. లోపం లేని చేలో మళ్లీ మళ్లీ కొడితే ఆకుల అంచులు మాడతాయి. బోరాన్ విషయంలో చాలినంతకూ ఎక్కువైనదానికీ మధ్య తేడా చాలా తక్కువ.

తామర పురుగులు, వైరస్ తెగుళ్లు

పువ్వు లోపల చేరి రసం పీల్చే తామర పురుగులు పూతను రాలుస్తాయి. టమాటా మొక్కను చంపే మచ్చల వడలు తెగులు వైరస్‌ను మోసుకొచ్చేవి కూడా ఇవే. తెల్ల కాగితం మీద పదిపన్నెండు పూలను దులిపి చూడండి. దారపు ముక్కల్లా సన్నగా, పసుపు, గోధుమ రంగుల్లో పాకుతుంటే అవే. ఆకుముడత వచ్చిన మొక్కలో కూడా పూత నిలవదు. దానిని తెల్లదోమ తెస్తుంది. ముడత వచ్చిన మొక్కను ఏ మందూ బాగు చేయలేదు. తొలి దశలోనే పీకి చేనుకు దూరంగా పూడ్చి, పక్క మొక్కలను కాపాడుకోవాలి.

తామర పురుగులకు నీలం రంగు, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు మొక్క కొసల ఎత్తున కట్టండి. ఉధృతి తక్కువగా ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టవచ్చు. రసాయన మందు తప్పదనుకుంటే సీసా మీద టమాటా పేరు, ఆ పురుగు పేరు ఉన్న మందే కొనండి. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా దాని మీదే ఉంటుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది, ఎవరు చెప్పినా కొట్టకండి. ఉదయం పూలు విచ్చి తుమ్మెదలు తిరిగే వేళ ఏ మందూ చల్లవద్దు.

పక్క చేని కలుపు మందు

ఈ కారణం చాలామందికి తట్టదు. పక్కన చెరకులో, మొక్కజొన్నలో, వరిలో 2,4-డి కలుపు మందు కొట్టినప్పుడు గాలికి కొద్దిగా వచ్చి పడినా టమాటా తట్టుకోలేదు. కొస ఆకులు సన్నగా, తాడులా మెలి తిరుగుతాయి, పూత రాలుతుంది. చూడ్డానికి వైరస్ తెగులులాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇది గాలి వచ్చిన వైపు సాళ్లలో ఒకేసారి కనబడుతుంది. కలుపు మందు కొట్టిన ట్యాంకును కడిగినా టమాటాకు వాడకండి, విడిగా ఒకటి పెట్టుకోండి.

పూత మందు ఎప్పుడు, ఎంత?

ప్లానోఫిక్స్ అని రైతులు పిలిచే మందులో నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం 4.5 శాతం ఉంటుంది. గింజ కట్టే పిందె పంపాల్సిన ఆక్సిన్ కబురును ఇది బయటి నుంచి ఇస్తుంది. అందువల్ల కణుపు దగ్గర పువ్వు ఊడడం కొంత ఆగుతుంది. అంతకు మించి ఏమీ చేయదు. నీరు చాలని మొక్కకు నీరు ఇవ్వదు, బోరాన్ ఇవ్వదు, తామర పురుగును చంపదు, చచ్చిన పుప్పొడిని బతికించదు. పొడి లేకుండా నిలిచిన కాయల్లో గింజ తక్కువ, లోపల గుల్లగా, బరువు తక్కువగా ఉండేవి ఎక్కువ.

పోషణ, నీరు సరిగా ఉండి, వాతావరణం ఒక మోస్తరుగా ఎదురు తిరిగినప్పుడే దీనివల్ల ఉపయోగం. మోతాదు 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు. 15 లీటర్ల ట్యాంకుకు మూడు మిల్లీలీటర్ల పైచిలుకు, మూడున్నరకు మించకూడదు. మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా సిరంజీతో కొలవండి. మోతాదు పెరిగితే ఆకులు మెలి తిరుగుతాయి, ఉన్న పూత కూడా రాలుతుంది. చల్లని పూట, పూత మీద పడేలా కొట్టండి. ఇతర మందులతో కలపకండి.

చేలో చేసుకునే పావుగంట పరీక్ష

డబ్బు తీసుకుని అంగడికి బయలుదేరే ముందు ఉదయం పది, పదకొండు గంటల మధ్య ఈ పరీక్ష చేయండి.

ఒకటి: రాలిన పది పూలు ఏరండి. కాడ కణుపు దగ్గర నున్నగా ఊడి ఉంటే మొక్కే వదిలేసింది. కొరికినట్లు, రంధ్రం పడినట్లు ఉంటే పచ్చపురుగు పని.

రెండు: విచ్చిన పూలలో మధ్య సూది బయటికి వచ్చిందేమో చూడండి. వచ్చి ఉంటే వేడి.

మూడు: నల్ల గుడ్డ మీద పువ్వును పట్టుకుని గోటితో తట్టండి. పసుపు పొడి పడితే పుప్పొడి రాలుతున్నట్లే. ఎండ ఉన్న పొడి రోజున కూడా పొడి పడకపోతే పొడి తయారీలోనే లోపం.

నాలుగు: తెల్ల కాగితం మీద పూలు దులిపి తామర పురుగుల కోసం చూడండి.

ఐదు: జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కి తడి చూడండి.

ఆరు: కొస ఆకుల రంగు, ఆకారం చూడండి. నల్లపచ్చ గుబురు అయితే యూరియా, పెళుసు అయితే బోరాన్, ముడత అయితే వైరస్, ఒక వైపు సాళ్లలోనే మెలిక అయితే కలుపు మందు.

ఏడు: గత పది, పన్నెండు రోజుల్లో ఎండ, రాత్రి ఉక్క, వాన, నీటి తడులు ఎలా ఉన్నాయో గుర్తు చేసుకోండి. ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంత చూశాక కూడా తేలకపోతే రాలిన పూలు, రెండు కొమ్మలు తీసుకుని మీ రైతు సేవా కేంద్రానికో, ఉద్యాన అధికారి దగ్గరికో, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి. పరీక్షలో చూసినవి చెబితే వారికీ సలహా ఇవ్వడం తేలిక. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

నాటే రోజునే పూత లెక్క

పూత రాలకుండా చూసుకోవడంలో పెద్ద పని నాటకముందే ఉంది. టమాటా నాటిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది, 40, 45 రోజులకు ముమ్మరమవుతుంది. జనవరి నడిమిలో నాటితే ఫిబ్రవరి నడిమి నుంచి మార్చి వరకు పూత వస్తుంది, ఎండ ముదిరేలోపు కింది గుత్తులు నిలుస్తాయి. మార్చి నడిమిలో నాటితే ఏప్రిల్ నడిమి నుంచి మే వరకు, సరిగ్గా మండే ఎండలో పూత వస్తుంది. ఆలస్యంగా వేసినవారికి జూలై ధర దొరకవచ్చు, కానీ పూత నిలవకపోయే అపాయం వారిదే. ఆ లెక్క తెలిసి వేయండి.

ఎకరా ఉన్నవారు ఒకేసారి నాటకుండా సగం ఇప్పుడు, సగం 15, 20 రోజుల తర్వాత నాటుకుంటే ఒక వారం వడగాలికి మొత్తం పూత పోదు. ధర విషయంలోనూ ఇది కొంత కాపు.

రకం ఎంపిక కూడా చూసుకోవాలి. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా సదాబహార్, పూసా హైబ్రిడ్-1 రకాలు మిగతా వాటి కంటే వేడి రాత్రుల్లో పిందె పట్టగలవు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క వికాస్ నీటి ఎద్దడిని కొంత తట్టుకుంటుంది. ప్రైవేటు కంపెనీల సంకర రకాలు కొనేటప్పుడు ఎండాకాలానికి సరిపోతుందా అని అడగండి. అంగడివారి మాటతో పాటు గత వేసవిలో మీ ఊళ్లో ఆ రకం వేసిన చేను ఎలా కాసిందో విచారించండి. బిల్లు, విత్తన ప్యాకెట్టు పంట అయ్యేదాకా దాచండి.

చివరగా ఒక మాట. వడగాలికి రెండు గుత్తుల పూత పోయిందని చేను దున్నేయకండి. ముఖ్యంగా కర్రల మీద పెరుగుతూ పోయే రకాలు చల్లబడిన పది, పన్నెండు రోజులకు మళ్లీ మంచి పుప్పొడితో పూస్తాయి. అప్పటిదాకా మొక్కను తడితో, నీడతో, తెగులు లేకుండా నిలబెట్టుకోవడమే మీరు చేయవలసిన పని. వేసవిలో ఒక్క జల్లు పడి రాత్రుళ్లు చల్లబడ్డాయంటే, ఆ రోజు తేదీ గోడ మీద రాసుకోండి. అక్కడి నుంచి రెండు వారాలకు చేలో గుత్తులు లెక్కబెట్టండి.